షికస్తా రాని చరిత్రకారులం

లాలాపేట్‌లో గది దొరికిన హిస్టరీ స్కాలర్‌ను అదృష్టవంతుడనే అనాలి. ఒక దిక్కున ఉస్మానియా క్యాంపస్. ఇంకో దిక్కున 1893లో నిజాం రైల్వే పెట్టిన లాలాగూడ వర్క్‌షాప్. తార్నాక వైపు నడుచుకుంటూ పోతే రాష్ట్ర ఆర్కైవ్స్. దక్కన్‌ను ఏలిన సర్కార్లు రాసుకున్న కాగితాలు కోట్లలో ఆ భవనంలో ఉన్నాయి. లండన్ పోనక్కర్లేదు, ఢిల్లీ పోనక్కర్లేదు, బస్సు పాసు కూడా అక్కర్లేదు. పొద్దున టిఫిన్ చేసి నడిచి వెళ్లి, సాయంత్రం చాయ్ వేళకు గదికి తిరిగి రావచ్చు. ఆ కొంచెం దూరం మేం నడవలేదు.

మేం అంటే ఈ రాష్ట్రంలోని యూనివర్సిటీల్లో చరిత్రలో పీహెచ్‌డీ చేసినవాళ్లం, చేయించినవాళ్లం, చేయించామని సంతకాలు పెట్టినవాళ్లం. నిధులు రాలేదు, పోస్టులు నింపలేదు, ప్రభుత్వాలు చరిత్రను చిన్నచూపు చూశాయి. ఇవన్నీ నిజాలే. వీటి మీద మేం ఇచ్చినన్ని వినతిపత్రాలు బహుశా ఇంకే డిపార్ట్‌మెంటు వాళ్లూ ఇచ్చి ఉండరు. కాబట్టి ఆ పద్దు మళ్లీ విప్పను. డబ్బు చేతికి వచ్చిన చోట, తలుపు తీసి ఉన్న చోట మేం చేసిందేమిటన్నదే ఇక్కడ చెప్పదలిచింది.

ఆ భవనంలో ఏముందో ముందు చెప్పాలి. మాలో చాలామందికి అది కూడా విని తెలిసిన సంగతే. బాగా పాతది 1406 నాటి ఫిరోజ్ షా బహమనీ ఫర్మానా. ఆ తర్వాత షాజహాన్, ఔరంగజేబుల కాలంలో దక్కన్ సుబాల పాలనలో పుట్టిన కాగితాలు లక్షన్నరకు పైగా. ఔరంగజేబు మంచివాడా చెడ్డవాడా అని టీవీల్లో పొద్దూకులూ అరుచుకుంటున్నారు కదా, ఆయన సర్కారు రోజువారీగా రాసుకున్న కాగితాల్లో పెద్ద భాగం తార్నాకలో ఉంది. అందులో ‘అర్జ్ ఓ చెహ్రా’ అని ఒక రకం. సైన్యంలో చేర్చుకున్న మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, ఒంటి రంగు, నుదురు ఎలా ఉంది, కనుబొమలు ఎలా ఉన్నాయి, పుట్టుమచ్చ ఎక్కడ, గాయపు మచ్చ ఎక్కడ, అన్నీ రాసేవారు. కిందనే అతని గుర్రం రంగు, దాని తొడ మీద వేసిన వాత. ఒకరి గుర్రాన్ని ఇంకొకరు చూపించి జీతం లాగకుండా చేసుకున్న ఏర్పాటు అది. మూడున్నర శతాబ్దాల కింద ఏ కోట వాకిట్లోనో గుమాస్తా ముందు నిలబడ్డ ఒక మామూలు సిపాయి మొహం మీది మచ్చ ఇవాళ మనకు తెలుస్తుంది. రాజుల చరిత్ర వద్దు, ప్రజల చరిత్ర కావాలి అని మేం సెమినార్లలో గొంతు చించుకున్నది ఇలాంటి కాగితం కోసమే.

అవి షికస్తా రాతలో ఉంటాయి. నుక్తాలు (అక్షరాల చుక్కలు) ఎగిరిపోతాయి, అక్షరాలు ఒకదాంట్లోకి ఒకటి జారిపోతాయి, లెక్కలు సియాఖ్ గుర్తుల్లో ఉంటాయి. అచ్చు పర్షియన్ చదవగలిగినవాడు కూడా మొదట్లో తెల్లమొహం వేయాల్సిందే. తెలిసినవాళ్ల పక్కన కూర్చుని నెలల తరబడి కళ్లు పెట్టి చదివితే తప్ప పట్టుబడదు. యూసుఫ్ హుసేన్ ఖాన్ అలా కూర్చుని ఎంపిక చేసిన పత్రాలతో షాజహాన్ కాలానికి 1950లో ఒక సంపుటం, ఔరంగజేబు కాలానికి 1958లో ఒక సంపుటం వెలువరించారు. లక్షన్నర కాగితాల్లో ఆ రెండు సంపుటాలకు ఎక్కినవి పిడికెడు. మిగతావి మేం చదువుతామని ఉన్నాయి.

పర్షియన్ సంగతి అలా ఉంచండి. 1880ల్లో దాని స్థానంలో ఉర్దూ వచ్చాక రెవెన్యూ, పోలీసు, విద్య శాఖల ఫైళ్లు ఎక్కువగా ఉర్దూలోనే నడిచాయి. మా తాతల్లో ఉర్దూ మీడియంలో చదివినవాళ్లు ఊరూరా ఉండేవారు. పట్వారీ లెక్కలు ఉర్దూలో, కచేరీ అర్జీలు ఉర్దూలో. 1948 తర్వాత ఒకటి రెండు తరాల్లో ఆ లిపి మా ఇళ్లలోంచి వెళ్లిపోయింది. అయినా 1980ల్లో, 90ల్లో ఆ ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. అరుగు మీద కూర్చుని కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని ఉర్దూ పేపరు చదివేవారు. పండక్కి ఊరికి పోయిన మేం వాళ్ల కాళ్లకు మొక్కాం గానీ, ‘తాతా, నాకు అలిఫ్ బే నేర్పు’ అనలేదు. ఎందుకు అనలేదో దాచుకోవడం ఎందుకు? ఆ లిపిని రజాకార్ల ఖాతాలో రాసేశాం. తెలుగు చరిత్ర రాసేవాడికి ఉర్దూతో పనేమిటన్న ధీమా ఒకటి. ఉర్దూ వచ్చిన ముస్లిం మిత్రుడు హాస్టల్లో ఉంటే అతనితో నాలుగు ఫైళ్లు చదివించుకుని, కృతజ్ఞతల పేజీలో చివరి వరుసలో పేరు వేశాం. అతని దగ్గర కూర్చుని నేర్చుకోవచ్చన్న ఆలోచన రాలేదు.

మరి ఆ కాగితాలు ఎవరు చదివారు? అమెరికా నుంచి కేరెన్ లియోనార్డ్ వచ్చి హైదరాబాద్ కాయస్థుల సామాజిక చరిత్ర రాసింది. 1978లో అచ్చయింది. జర్మనీ నుంచి మార్గ్రిట్ పెర్నౌ వచ్చి నిజాం దర్బారు రాజకీయాలు తవ్వింది. కవితా దాట్ల అచ్చంగా ఉస్మానియా యూనివర్సిటీ మీద, 1917లో మొదలైన దారుల్ తర్జుమా (అనువాద శాఖ) మీద, ఉర్దూలో పై చదువులు చెప్పాలన్న ఆ పెద్ద సాహసం మీద పుస్తకం రాసింది. 2013లో వచ్చిన ఆ పుస్తకాన్ని మేం ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని జిరాక్స్ కాపీలో చదివాం. మా డిపార్ట్‌మెంటు ఉన్న భవనం వెనక ఉన్న ఆశయం ఏమిటో తెలుసుకోవడానికి మేం అమెరికాలో అచ్చయిన పుస్తకాన్ని ఫుట్‌నోట్‌లో వేసుకున్నాం. దీనికి మా దగ్గర ఒక జవాబు తయారుగా ఉండేది: ‘వాళ్లకు డాలర్లున్నాయి సార్.’ డాలర్లు టికెట్టుకు, అద్దెకు పనికొస్తాయి. లిపి నేర్చుకోవడానికి కావాల్సింది ఓపిక. పైగా మాకు టికెట్టు అక్కర్లేదు, అద్దె ఫెలోషిప్‌లోంచే పోతుంది.

భాష రాకపోవడమే అడ్డమైతే తెలుగులో ఉన్నవాటినైనా మేం దున్నేసి ఉండాలి. కాకతీయుల శాసనాలు చాలావరకు తెలుగులోనే ఉన్నాయి. రాయి మీద చెక్కి, గుడి ముందు నిలబెట్టి ఉన్నాయి. పి.వి.పరబ్రహ్మశాస్త్రి 1978లో ‘కాకతీయాస్ ఆఫ్ వరంగల్’ తెచ్చి దారి వేసి పెట్టారు. ఆ శాసనాల్లో దానం ఇచ్చింది ఎవరు, ఏ కులం, ఏ బిరుదు, ఏ ఊరు, ఆడవాళ్లు ఎందరు అని లెక్కగట్టి ఆ కాలపు సమాజాన్ని నిలబెట్టింది మాత్రం సింథియా టాల్బట్. ఆమె పుస్తకం 2001లో వచ్చింది. మనం పుట్టి పెరిగిన భాషను ఆమె నేర్చుకుని మరీ చదివింది. ఇక ఉర్దూ రాదన్న సాకు ఎక్కడ నిలుస్తుంది?

ఫెలోషిప్పులు లేని రోజులు ఎలా ఉండేవో చూడండి. కొమర్రాజు లక్ష్మణరావు 1923లో పోయారు. ఆయన పేరు పెట్టుకున్న లక్ష్మణరాయ పరిశోధక మండలిలో బడిపంతుళ్లు, వకీళ్లు, చిన్న ఉద్యోగులు. ఆదిరాజు వీరభద్రరావు లాంటివాళ్లు శాసనాల వెంట పడి తిరిగారు. 1935లో ‘తెలంగాణ శాసనములు’ అచ్చయింది. తెలంగాణలో తెలుగు కవులే లేరని ఎవరో అంటే సురవరం ప్రతాపరెడ్డి ధర్నా చేయలేదు. ఊరూరికీ ఉత్తరాలు రాసి, 354 మంది కవుల్ని ఏరి, 1934లో గోలకొండ కవుల సంచిక వేశారు. ఉస్మానియాలోనే పాఠాలు చెప్పిన హారూన్ ఖాన్ షేర్వానీ బహమనీల మీద 1946లో పుస్తకం తెచ్చారు. కుతుబ్‌షాహీల మీద ఆయన పెద్ద పుస్తకం వచ్చేసరికి ఎనభై దాటారు. తర్వాత సరోజినీ రేగాని, వి.కె.బావా లాంటివాళ్లు ఆ కాగితాల మధ్యే కూర్చున్నారు. మా తరంలోనూ అక్కడొకరు ఇక్కడొకరు ఉన్నారు. వాళ్ల పేర్లు చెప్పి తప్పించుకోవడం మాకు అలవాటే గనక ఇక్కడ చెప్పను.

ఫెలోషిప్ అంటే ఏమిటో తెలియనివాళ్లు దాన్ని చులకన చేయడం నాకు నచ్చదు. 2005-06లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు రాజీవ్‌గాంధీ ఫెలోషిప్ వచ్చాక క్యాంపస్ మొహమే మారింది. ఇంట్లో ముందెవరూ బడి గడప తొక్కని పిల్లలు లైబ్రరీలో కూర్చున్నారు. ఆ డబ్బులో సగం ఊరికి పోయేది. చెల్లి ఫీజు, నాన్న మందులు, బోరు అప్పు. ఇప్పుడు జేఆర్‌ఎఫ్ నెలకు 37,000, ఎస్‌ఆర్‌ఎఫ్ 42,000. ఆ సొమ్ము ఒక కుటుంబాన్ని నిలబెడుతుంది, నిలబెట్టాలి కూడా. తమ కులాల చరిత్ర, తమ ఊళ్ల చరిత్ర తామే రాయాలని వచ్చిన పిల్లలకు మేం చేసిన అన్యాయం వేరే. పని నేర్పలేదు. ‘ఫలానా జిల్లాలో స్వాతంత్ర్యోద్యమం – ఒక అధ్యయనం’ అని ఒక టాపిక్ పారేశాం. జిల్లా పేరు మారిస్తే ఇంకో టాపిక్. పాత కాగితం పట్టుకోవడం ఎలాగో, రిక్విజిషన్ స్లిప్ మీద ఏం రాయాలో, పోలీసు రిపోర్టును ఎంతవరకు నమ్మాలో చెప్పలేదు. మాకూ ఎవరూ చెప్పలేదు గనక. నెలనెలా అటెండెన్స్ మీద సంతకం పెట్టాం, అదే గైడ్‌షిప్ అనుకున్నాం. పిల్లలు మాత్రం ఏం చేస్తారు? గదిలో ఒక గోడకు సినాప్సిస్, ఇంకో గోడకు గ్రూప్-1 సిలబస్ అంటించుకున్నారు. ఏ గోడ వైపు చూస్తూ నిద్రపోయేవారో వేరే చెప్పాలా?

థీసిస్ చివరి అంకం డీటీపీ షాపులో జరుగుతుంది. లాలాపేట్‌లో కావచ్చు, తార్నాకలో, విద్యానగర్‌లో కావచ్చు. ‘అన్నా, బిబ్లియోగ్రఫీ ఆ పాత థీసిస్‌లోంచి దించెయ్, సంవత్సరం వరుసలో పెట్టు చాలు.’ డీటీపీ అన్న అడగకుండానే దించేస్తాడు, ఆయన కంప్యూటర్‌లో పదేళ్ల చరిత్ర ఉంది. ‘ప్రాథమిక ఆధారాలు’ అన్న శీర్షిక కింద ఫైలు నంబర్లు, ఫసలీ సంవత్సరాలు, శాఖల పేర్లు చూడ ముచ్చటగా ఉంటాయి. ఒకసారి ఒక ఫైలు నంబరులో రెండంకెలు తారుమారయ్యాయి. ఆ తారుమారు అంకెలతోనే ఆ ఫైలు వరుసగా వచ్చిన వేర్వేరు థీసిస్‌లలో కనిపించింది. ఎవరైనా ఒక్కరు రీడింగ్ రూములో స్లిప్ రాసి అడిగి ఉంటే ఆ నంబరుతో అలాంటి ఫైలే రాదని తెలిసేది. ఎవరూ అడగలేదు. పరీక్షకులుగా ఆ థీసిస్‌లు చదివిన మేమూ అడగలేదు. ఏ యూనివర్సిటీ అని అడక్కండి, ఈ పని చేయని చోటు మాలో ఎవరూ చూపించలేరు. గుర్రానికి వాత ఎందుకు వేసేవారో మొగలుల గుమాస్తాకు తెలుసు. ఒకే గుర్రాన్ని అందరం చూపించి జీతం తీసుకున్నాం.

జర్నళ్ల గోల రెండు ముక్కల్లో చెప్తాను. పీహెచ్‌డీ ఇవ్వాలంటే పేపర్లు అచ్చవాలన్నారు, మాకు ప్రమోషన్‌కు ఏపీఐ పాయింట్లు కావాలన్నారు. డబ్బు కడితే వారంలో వేసే ‘అంతర్జాతీయ’ పత్రికలు సందుసందుకూ పుట్టాయి. 2019లో యూజీసీ కేర్ లిస్టు తెచ్చింది, 2022లో పేపర్ల నిబంధనే తీసేసింది. ఆ పేపర్లు అచ్చయినప్పుడు చదివినవాళ్లూ లేరు, ఆగిపోయాక ఏవని అడిగినవాళ్లూ లేరు.

ఇంకోటి చెప్పాలి, ఇది చెప్పడానికే జంకు. ‘మా చరిత్రను దాచారు, వక్రీకరించారు’ అన్నది మా తరం నినాదం. అందులో నిజముంది. పాఠ్యపుస్తకాల్లో తెలంగాణ ఎంత ఇరుకు మూలలో ఉండేదో చదివిన ప్రతి పిల్లవాడికీ తెలుసు. 2009 డిసెంబరులో ఆర్ట్స్ కాలేజీ ముందు నిలబడ్డవాళ్లలో హిస్టరీ వాళ్లం చాలామందిమి ఉన్నాం. దానికి నేను సిగ్గుపడటం లేదు. కానీ 2014 జూన్ 2 తర్వాత అడ్డుపడే వాళ్లెవరున్నారు? యూనివర్సిటీలు మనవి, సిలబస్ కమిటీలు మనవి, ఆర్కైవ్స్ మనది. గ్రూప్-1, గ్రూప్-2లలో ‘తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం’ అని ఒక పేపరే పెట్టారు. మేం ఆ పేపరుకు గైడ్లు రాశాం. ముల్కీ ఫర్మానా ఏ సంవత్సరం, సాలార్‌జంగ్ జిలాబందీ (జిల్లాల ఏర్పాటు) ఏ సంవత్సరం, బిట్లు, జతపరచండి, కింది వాటిలో సరికానిది. జిలాబందీ 1865 అని లక్షల మంది పిల్లలు కంఠతా పట్టారు. జిలాబందీతో ఒక తాలూకాలో ఎవరి చేతిలోని భూమి ఎవరి చేతికి పోయిందో కాగితాల్లోంచి తీసి చెప్పే పుస్తకం తెలుగులో మేం రాయలేదు. దాచినవాళ్లు పోయాక కూడా ఆ చరిత్ర దాక్కునే ఉంది, దాని మీద మేం కూర్చున్నాం గనక.

పాత కాగితానికి విలువ తెలిసినవాళ్లు లేకపోలేదు. ఉప్పల్, నాచారం వైపు గజం రేటు పెరుగుతున్న కొద్దీ ముంతఖబ్ నకలు కోసం, ఇనాం భూముల ఫైళ్ల కోసం తిరిగేవాళ్లు పెరిగారు. వకీళ్లు, వాళ్ల జూనియర్లు, రియల్ ఎస్టేట్ మనుషులు. సేత్వార్ అంటే ఏమిటో, వసూల్ బాకీ అంటే ఏమిటో వాళ్లకు నోటికి వచ్చు. ఉర్దూ చదివిపెట్టే ఒక పెద్దాయన్ని పట్టుకుని, అడిగినంత ఇచ్చి, వాక్యం వాక్యం రాయించుకుంటారు. వాళ్లలో ఒకాయన నన్ను చూసి, ‘మీరు హిస్టరీ సారు కదా, జర ఈ ముక్క చదివి చెప్పండి’ అని కాగితం చాపాడు. నాకు రాదన్నాను. ఆయన నమ్మలేదు. డబ్బులు అడుగుతున్నాననుకుని జేబులో చెయ్యి పెట్టాడు.

ఇప్పుడు ఇరాన్ వారి నూర్ మైక్రోఫిల్మ్ సెంటర్ చేయూతతో ఆ పర్షియన్ కాగితాలను బాగుచేసి స్కాన్ చేసే పని నడుస్తోంది. మంచి పనే. మావాళ్లు కొందరు ‘ఇక అన్నీ ఆన్‌లైన్‌లో పెడితే సరిపోతుంది సార్’ అంటున్నారు. స్కాన్ చేసిన షికస్తా కూడా షికస్తానే. నుక్తాలు కంప్యూటర్ తెరమీదికి వచ్చినంత మాత్రాన మొలవవు. ఉస్మానియాలో పర్షియన్ డిపార్ట్‌మెంటు ఉంది, ఉర్దూ డిపార్ట్‌మెంటు ఉంది, హిస్టరీ ఉంది. మేం ముగ్గురం కలిసి స్కాలర్లకు ఒక ఏడాది లిపి తరగతి నడపడానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. ప్రి-పీహెచ్‌డీ కోర్సులో ఒక పేపరు మారిస్తే చాలు. ఆ పేపరులో ఇప్పుడు రీసెర్చ్ మెథడాలజీ అని పరికల్పన నిర్వచనం, నమూనా రకాలు చెబుతున్నాం. చరిత్రలో ఎవరికీ అవి పనికిరావు, కానీ నోట్సు తయారుగా ఉంది.

ఈమధ్య ఒక డీఆర్‌సీలో (డిపార్ట్‌మెంటు రీసెర్చ్ కమిటీలో) ఒక అమ్మాయి సినాప్సిస్ పెట్టింది. లాలాగూడ వర్క్‌షాప్ కార్మికుల చరిత్ర, 1893 నుంచి హైదరాబాద్ రాజ్యం పోయేదాకా. వాళ్ల తాత అక్కడ పనిచేశాడట. నైపుణ్యం ఉన్న పనికి ఎక్కడెక్కడి నుంచి మనుషుల్ని తెచ్చారు, ఏ కులాలు ఏ షెడ్డులోకి పోయాయి, లాలాపేట్ బస్తీలు ఎలా కట్టుకున్నారు, 1940ల్లో మఖ్దూం మొహియుద్దీన్, రాజ్ బహదూర్ గౌర్ కార్మిక సంఘాలు కడుతున్నప్పుడు ఈ షాపులో ఏం జరిగింది, ఇవీ ఆమె ప్రశ్నలు. రైల్వే రిపోర్టులు ఇంగ్లిష్‌లో దొరుకుతాయనీ, పోలీసు, కార్మిక శాఖల ఫైళ్లు ఉర్దూలో ఉంటాయనీ ముందే కనుక్కుని వచ్చింది. అంత పని చేసి మా ముందుకు వచ్చిన స్కాలర్‌ను మేం చూసి చాలా కాలమైంది.

‘ఉర్దూ వస్తుందా అమ్మా?’

‘చదవడం మొదలుపెట్టాను సార్. మా గల్లీలో ఒక నానీ నేర్పిస్తోంది. ఒక ఆరు నెలలు టైమిస్తే ఫైళ్లు చదువుతాను.’

‘ఆరు నెలలకు ప్రోగ్రెస్ రిపోర్ట్ ఇవ్వాలి. అందులో ఏం రాస్తావు, ఉర్దూ నేర్చుకుంటున్నానని రాస్తావా?’

అందరం నవ్వాం. ఒక మేడం మాత్రం, ‘రాస్తే ఏమైంది సార్?’ అంది. దానికి ఎవరమూ జవాబివ్వలేదు. ఫెలోషిప్ ఆగిపోతే ఆ పిల్ల ఇబ్బంది పడుతుందని ఒకరన్నారు, అది నిజమే. గైడ్‌కు ఉర్దూ రాదు గనక దిద్దడం కష్టమని ఇంకొకరన్నారు, అదీ నిజమే. సబ్మిషన్ గడువు, రీ-రిజిస్ట్రేషన్ ఫీజు, అన్నీ నిజాలే. చివరికి టాపిక్‌ను ‘మలిదశ తెలంగాణ ఉద్యమంలో మహిళల పాత్ర – సికింద్రాబాద్ ప్రాంత అధ్యయనం’ అని మార్చాం. ఆ విషయం తక్కువదని కాదు. దాని మీద అప్పటికే థీసిస్‌లున్నాయి, పేపరు కటింగులున్నాయి, బిబ్లియోగ్రఫీ తయారుగా ఉంది. అమ్మాయి ‘సరే సార్’ అని ఫైలు మూసుకుంది. ‘సభ్యులు ఏకగ్రీవంగా ఆమోదించారు’ అని మినిట్స్‌లో రాశారు. మేడంతో సహా అందరం సంతకాలు పెట్టి, తర్వాతి స్కాలర్‌ను లోపలికి పిలిచాం.